కృపమణి పేరు కింద కేశవులు మొహం

బద్వేలులో కేశవులు కిరాణా అంగడి ముందు ఆ బుధవారం పొద్దున ఎనిమిదింటికే జనం గుమిగూడారు. ఉప్పుకో పప్పుకో వచ్చినవాళ్లు కాదు. అంగడి బోర్డును సగానికి పైగా కప్పేస్తూ ఒక పెద్ద సినిమా ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో ఎడమవైపు తక్కెడ పట్టుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జారవిడిచి, కేశవులు నవ్వుతున్నాడు.

అరవై ఏళ్ల కేశవులు సినిమాలో వేషం వేశాడన్నది ఊరికి కొత్త సంగతి కాదు. కిందటి ఏడు భూపేష్ అనే కుర్రాడు కర్నూలు నుంచి కెమెరాతో దిగి, ఇరవై రోజులు ఆ వీధిలోనే మకాం వేసి ‘అంగడి మూయొద్దప్పా’ అనే సినిమా తీశాడు. అలిగి అంగడి మూసేసిన ఒక శెట్టి కథ అది. శెట్టి వేషానికి హైదరాబాదు నుంచి ఎవరినో పిలిపించాలనే అతను అనుకున్నాడు. కానీ అంగడిని చూడ్డానికి వచ్చిన రోజు కేశవులు ఒకామెతో చింతపండు గురించి పావుగంట వాదించడం నిలబడి విన్నాడు. విని, “మామా, ఆ వేషం మీరే వేయల్ల” అని పట్టుబట్టాడు. కేశవులు రెండు రోజులు బెట్టు చేసి మూడో రోజు మంగలిని ఇంటికి పిలిపించుకున్నాడు.

ఆ సినిమా ఫ్లెక్సీయే ఇప్పుడు వచ్చింది. ముందురోజు సాయంత్రం పార్సిలు రాగానే విప్పి మొహం చూసుకుని మురిసిపోయి, అక్షరాల జోలికి పోకుండా కట్టించేశాడు కేశవులు. పొద్దున జనం అక్షరాలు కూడా చదివారు.

పైన ముగ్గురి పేర్లు వరసగా ఉన్నాయి. మొదట కృపమణి, నడుమ మహానంది, చివర కేశవులు. కింద మూడు మొహాలున్నాయి. ఎడమవైపు కేశవులు, నడుమ మీసం మెలేసిన కుర్ర హీరో మహానంది, కుడివైపు చింతపండు గంప ముందు కూర్చున్న కృపమణి. నడుమ మహానందికి బాగానే ఉంది. కానీ కేశవులు బట్టతలకు సరిగ్గా జానెడు పైన కృపమణి అనే పేరు కిరీటం మాదిరి కూర్చుంది.

“ఏం శెట్టీ, పేరెప్పుడు మార్చుకుంటివి? ఒక మాటన్నా చెప్పకపోతివే!” అన్నాడు ఎదురుగా ఎరువుల అంగడి పెట్టుకున్న ఓబులేసు, రోడ్డు దాటి వస్తూ.

“పేరు మార్చేదేంది?” అంటూ బయటికి వచ్చి తలెత్తి చూశాడు కేశవులు. ఒకసారి చదివాడు. కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చదివాడు.

మధ్యాహ్నానికి వీధంతా పాకిపోయింది. చిన్నప్పటి నుంచీ ఆ అంగడికే వచ్చేవాళ్లు కూడా గడప దగ్గరే నిలబడి, “కృపమణి శెట్టీ, అర కేజీ కందిబ్యాళ్లు” అనడం మొదలుపెట్టారు. కేశవులు తూకం వేస్తూనే అందరికీ ఒకే జవాబు చెప్పాడు: “అచ్చు తప్పప్పా, అచ్చు తప్పు.”

ఇంట్లో మాత్రం ఆ జవాబు చెల్లలేదు. భార్య రాజ్యలక్ష్మమ్మకు ప్రొద్దుటూరు నుంచి తమ్ముడి పెళ్లాం ఫోన్ చేసి, “వదినా, అన్న ఆడవేషం కట్టినాడంటనే?” అని అడిగింది. రాజ్యలక్ష్మమ్మ ఫోన్ పెట్టేసి నేరుగా అంగట్లోకి వచ్చింది.

“ఎప్పుడన్నా నీ పేరు ఒకరు ఇట్ల మార్చి పిలిచినారా? పెండ్లి పత్రికలో నీ పేరు మా నాయన మూడుసార్లు దిద్ది అచ్చేపిచ్చినాడు. ముందు దాన్ని దించు.”

కొడుకు కిరణ్‌కుమార్ నిచ్చెన వేసి తాళ్లు విప్పాడు. ఫ్లెక్సీని చాపలా చుట్టి గోదాములో బెల్లం బుట్టల పక్కన నిలబెట్టారు. కేశవులు భూపేష్‌కు ఫోన్ చేశాడు.

“అది తప్పు కాదు మామా. అట్లనే ఉంటాది” అన్నాడు భూపేష్.

“అట్లనే ఉంటే నేనీడ ఆడమనిషి అయిపోతాండా! రేపే వస్తాండా కర్నూలుకు. నువ్వు యాడికీ పోవద్దు.”

“నువ్వొక్కడివే పోతే టీ తాపించి, నాలుగు తీపి మాటలు చెప్పి పంపిస్తారు. నేనూ వస్తా” అంది రాజ్యలక్ష్మమ్మ.

*

తెల్లవారి మొదటి బస్సుకు బయలుదేరి ఇద్దరూ మధ్యాహ్నం కాకముందే కర్నూలు చేరారు. బురుజు వెనక సందులో, మేడ మీద ఒక చిన్న గదిలో భూపేష్ ఆఫీసు. పోస్టర్లు తయారుచేసే శిల్ప అనే అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. వీళ్లను చూడగానే లేచి కుర్చీలు వేసింది.

“ఈ అమ్మాయేనా నా మొగుని మీద ఇంకొకరి పేరు రాసింది?” అంది రాజ్యలక్ష్మమ్మ కూర్చోకుండానే.

శిల్ప నవ్వు ఆపుకుంది. “ఆంటీ, పేర్లు పెట్టే పద్ధతి వేరే, మొహాలు పెట్టే పద్ధతి వేరే. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కదా. అందుకని మొదట పేరుండేవాళ్లకు గౌరవం ఎక్కువ. ఎవరి పేరు ఎన్నోది అనేది అగ్రిమెంటులో రాసుకుంటారు. దాన్ని మేము మార్చేదానికి లేదు. మొహాలకు అట్లాంటి రాతకోతలేం లేవు. బొమ్మ ఎట్ల బాగుంటే అట్ల పెడతాం. రెండూ కలిసొస్తే సంతోషం, కలవకుంటే ఏం చేయలేం. పెద్ద పెద్ద సినిమాలకూ ఇదే కథ.”

“అయితే మొహం కిందనే ఎవరి పేరు వాళ్లకు రాయి తల్లీ” అన్నాడు కేశవులు.

“రాస్తే ఎడమ పక్క మీ మొహముంది కాబట్టి మొదట పేరు మీదవుతాది అంకుల్. కృపమణమ్మ పేరు చివరికి పోతాది. ఆమె పేరే మొదట ఉండల్లని అగ్రిమెంటు.”

“సరే, మొహాలన్నా మార్చు. నన్ను కుడి పక్కకు తోసి ఆమెను ఎడమకు తీసుకురా.”

“చూద్దాం” అని శిల్ప ఏదో నొక్కింది. తెర మీద బొమ్మ మొత్తం అద్దంలోలా అటుది ఇటైంది. కేశవులు కుడివైపుకు వెళ్లాడు, కృపమణి ఎడమకు వచ్చింది. పేర్లు సరిగ్గా ఎవరి తల మీదికి వాళ్లవి వచ్చాయి.

“ఇదిగో, ఎంత సులువు!” అన్నాడు కేశవులు.

రాజ్యలక్ష్మమ్మ తెర దగ్గరికి వంగి చూసింది. “అయ్యయ్యో! ఎడమచేత్తో తూకమేస్తాండాడే! నాలుగు తరాల అంగడి. ఎడమచేత్తో తూచే శెట్టి దగ్గర బ్యాళ్లు ఎవరు కొంటారు? తీసెయ్, తీసెయ్.”

శిల్ప బొమ్మను మళ్లీ మామూలుగా చేసి, ఈసారి మనుషులను విడివిడిగా కత్తిరించి చోట్లు మార్చింది. చెయ్యి కుడిదే అయింది కానీ ఇంకో చిక్కు వచ్చిపడింది. అసలు ఫోటోలో శెట్టి, చింతపండు ఆమె ఒకరినొకరు ఓరగా చూసుకుంటున్నారు. చోట్లు మారేసరికి ఆయన అటు గోడకేసి, ఆమె ఇటు గోడకేసి చూస్తున్నారు. నడుమ మహానంది ఒక్కడే నవ్వుతున్నాడు.

“ఆస్తుల పంపకంలో కొట్లాడుకున్నట్టుంది” అన్నాడు భూపేష్.

కేశవులుకు ఒక ఉపాయం తట్టింది. ఫోన్లో వెతికి, తిన్నగా చూస్తూ దిగిన తన ఫోటో ఒకటి శిల్పకు పంపాడు. అట్లాంటివే మిగతా ఇద్దరివీ తీసుకుని ముగ్గురినీ వరసగా పెట్టి, కింద పేర్లు రాసి చూడమన్నాడు. శిల్ప పెట్టింది. తెర మీద ముగ్గురూ గంభీరంగా ఎదురుగా చూస్తున్నారు. కింద పేర్లు. ఒక పూలదండ వేస్తే చాలు, నాలుగు రోడ్ల కూడలిలో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ఏమీ తక్కువ లేదు.

“ఆ ఫోటో తీసెయ్ తల్లీ, నీకు పుణ్యముంటాది” అంది రాజ్యలక్ష్మమ్మ కళ్లు మూసుకుని.

చివరికి భూపేష్ తల గోక్కున్నాడు. “మామా, పేర్లు మార్చడం అర నిమిషం పని. కానీ కృపమణమ్మ ఒప్పుకోవల్ల. నటించేదానికి ఆమె నాకు పెట్టిన షరతు అదొక్కటే. రూములు, కార్లు ఏమీ అడగల్యా. పేరు మొదట వేస్తావా అని అడిగింది, అంతే.”

“ఎందుకంట?”

“నేను అడగలేదు మామా. ఆమె ఉండేది నందికొట్కూరు. బస్సెక్కితే గంట.”

“పోదాం పద” అంది రాజ్యలక్ష్మమ్మ. “ఆ యమ్మనే అడుగుదాం. మంచిగా అడిగితే ఎవరన్నా కాదంటారా?”

బస్టాండు ఎదురుగోడ నిండా సినిమా పోస్టర్లు అంటించి ఉన్నాయి. ఎన్నడూ లేనిది భార్యాభర్తలిద్దరూ వాటి ముందు నిలబడి పేర్లు, మొహాలు పోల్చి చూశారు. ఒకదాంట్లో గడ్డం హీరో మీద హీరోయిన్ పేరుంది. ఇంకోదాంట్లో తాత వేషం ఆయన పేరు చంకలో పాపను ఎత్తుకున్న అమ్మాయి నెత్తిన ఉంది. ఆరు పోస్టర్లు చూస్తే రెండింట్లోనే లెక్క కుదిరింది.

“ఇన్నేండ్లు సినిమాలు చూస్తాండాం, ఎప్పుడన్నా కనిపెట్టినామా?” అంది రాజ్యలక్ష్మమ్మ.

“మనవాళ్ల మొహం కాదు గదా, మనకేం పట్టె?” అన్నాడు కేశవులు. అతని కోపం సగం అక్కడే చల్లారింది. రాజ్యలక్ష్మమ్మకు మాత్రం చల్లారలేదు. ప్రొద్దుటూరు ఫోన్ ఆమె చెవిలో ఇంకా మోగుతూనే ఉంది.

*

నందికొట్కూరులో చర్చి వెనక వీధిలో కృపమణి ఇల్లు. రెండు గదులు, ముందు రేకుల వసారా. ఆమెకు యాభై ఐదేళ్లుంటాయి. వీళ్లను గుమ్మంలో చూసి ముందు నమ్మలేదు. తర్వాత చేతిలో ఉన్న చేట కింద పెట్టి పరుగున వచ్చింది.

“అన్నా! వదినను కూడా పిలుచుకొచ్చినావా! రాండి, రాండి. యోవ్, ఎవరొచ్చినారో చూడు!”

ఆమె భర్త ఏసన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. కుర్చీలు తుడిచి వేశాడు. తర్వాత ఏమీ అడక్కుండానే వీధి చివరి అంగడికి పోయి సీలు తీయని నీళ్ల బాటిళ్లు రెండు తెచ్చి స్టూలు మీద పెట్టాడు. తమ ఇంటికి పెద్ద కులాలవాళ్లు ఎవరొచ్చినా అట్లా చేయడం అతనికి అలవాటైపోయింది. రాజ్యలక్ష్మమ్మ ఒక బాటిలు తీసుకుని మూత తిప్పింది.

“పోస్టరు చూసినావా అన్నా?” అంది కృపమణి. ఆమె మొహం వెలిగిపోతోంది. “భూపేష్ ఫోన్లో పంపించినాడు. ఎన్నిసార్లు చూసినానో లెక్కే లేదు. ఈయప్ప అయితే ప్రింటు తీయించుకొచ్చి గోడకు అంటించినాడు.”

గోడ మీద నిజంగానే ఆ పోస్టరు ఉంది. కేశవులు గొంతు సవరించుకున్నాడు. రాజ్యలక్ష్మమ్మే అందుకుంది.

“ఆ పోస్టరు గురించే వచ్చినామమ్మా. పేరు మొదటనే ఉండల్లని నువ్వు పట్టుబట్టినావంట గదా. ఎందుకో తెలుసుకుందామని.”

అడిగిన తీరు కాస్త కటువుగానే ఉంది. కృపమణి అది గమనించలేదు. “అదా వదినా? ఉండు, చూపిస్తా” అని లోపలికి పోయి ఒక రేకు పెట్టె తెచ్చింది. దాని నిండా రంగు వెలిసిన నాటకాల కరపత్రాలున్నాయి. పచ్చవి, గులాబీవి, నీలంవి. ఒకటి తీసి రాజ్యలక్ష్మమ్మ ఒళ్లో పెట్టింది.

దేవుడి నాటకం కరపత్రం అది. కిరీటాలు పెట్టుకున్న మగవాళ్ల బొమ్మలు గుండ్రటి చట్రాల్లో ఉన్నాయి. వాళ్ల పేర్ల ముందు బిరుదులున్నాయి. ఒక మూల వడ్డాణం పెట్టుకుని, కాటుక కళ్లతో నవ్వుతున్న ఒక పడుచు బొమ్మ ఉంది. కింద ‘కృష్ణవేణి’ అని ఉంది.

“ఎంత లక్షణంగా ఉందో! ఎవరమ్మా ఈ కృష్ణవేణి?” అంది రాజ్యలక్ష్మమ్మ.

“నేనే వదినా.”

రాజ్యలక్ష్మమ్మ బొమ్మను, ఎదురుగా ఉన్న మనిషిని మార్చి మార్చి చూసింది. కళ్లు అవే.

“నా మొదటి నాటకం అది” అంది కృపమణి. “ఆడించే పెద్దాయన మంచోడే. కానీ దేవుడి నాటకానికి కృపమణి అని అచ్చేస్తే ఊర్లో నలుగురూ ఏమంటారో అని కృష్ణవేణి అని రాయించినాడు. నేను చిన్నపిల్లను, ఏం మాట్లాడతా? ఆ తర్వాత ఊరికొక పేరు. ఇదో, దీంట్లో సత్యవతి. దీంట్లో పద్మావతి. ఇది చూడు, దీంట్లో ఏ పేరూ తోచక ‘కర్నూలు నటి’ అని వేసినారు. ఇరవై ఎనిమిదేండ్లు ఆడినా. నా మొహం వేసుకున్నారు, నా పాట కావల్లన్నారు. నా పేరు మాత్రం ఒక్క కాగితం మీద పడలేదు.”

ఆమె ఏడుస్తూ చెప్పలేదు. ఎవరో తిక్కవాళ్ల ముచ్చట చెప్పినట్టు నవ్వుతూనే చెప్పింది. పక్కనే నిలబడిన ఏసన్న కూడా నవ్వాడు.

“నేను ఆత్మకూరు బస్సు తోలేటప్పుడు దావ పొడవునా గోడల మీద ఈమె మొహమే. ఇది మా ఇంటామె అని కండక్టరుకు చెప్తే, వాడు పేరు చదివి, నీకు ఇంకో ఇల్లు కూడా ఉండాదా అన్నా అని అడిగేటోడు.”

రాజ్యలక్ష్మమ్మ నవ్వలేదు. పెట్టెలోంచి ఒక్కొక్క కరపత్రమే తీసి చదువుతోంది. పెండ్లి పత్రికలో ఒక పేరును మూడుసార్లు దిద్దించిన తండ్రికి పుట్టిన మనిషి ఆమె.

“అందుకే భూపేష్ వచ్చి అడిగినప్పుడు చెప్పినా” అంది కృపమణి. “నాయనా, మొహం వేస్తే వేయి, లేకుంటే లేదు. మొహానికి కొదవ లేదు నాకు. పేరు మాత్రం అందరికంటే ముందర, ఎడమ చేతి పక్క వేయి. మొదటి అక్షరం చదివేవాడు నా పేరే చదవల్ల అని చెప్పినా.” అంతలో ఆమెకు ఏదో గుర్తొచ్చినట్టు మొహం చిన్నబోయింది. కేశవులు వైపు తిరిగింది. “అన్నా, నా పేరు పోయి నీ నెత్తిమీద కూర్చుంది. మీ ఊర్లో ఎవరూ ఏమీ అనలేదు గదా? నీకేం కష్టంగా లేదు గదా?”

కేశవులు నోరు తెరిచాడు.

“కష్టమేందమ్మా!” అంది రాజ్యలక్ష్మమ్మ అతని కంటే ముందు. “అంగడి మీద, బోర్డు కూడా కనపడకుండా కట్టినాం. ఊరంతా చూస్తాండారు. సినిమా మా ఊరికొచ్చే రోజు మీరిద్దరూ రావల్ల. ఆ మాట చెప్పిపోదామనే వచ్చినాం.”

కేశవులు భార్య వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు. చేతిలోని నీళ్ల బాటిలు మూత బిగించి స్టూలు మీద పెట్టేసింది.

“ప్రయాణంలో తల నొప్పిగా ఉంది. కొంచెం టీ పెట్టవా కృపమణీ? అల్లం ఉంటే వేయి.”

ఏసన్న ఒక క్షణం కదలకుండా నిలబడి, తర్వాత తనే వంటింట్లోకి నడిచాడు. వెనకే కృపమణి, ఆమె వెనకే రాజ్యలక్ష్మమ్మ పోయారు. వసారాలో కేశవులు ఒక్కడే మిగిలాడు. లేచి గోడ మీది పోస్టరు దగ్గరికి పోయి తీరిగ్గా చూసుకున్నాడు. ఎడమవైపు ఉన్నది తన మొహమే అయినా, చూపు ముందు పేరు మీదికే పోయింది.

*

మరునాడు పొద్దున కిరణ్‌కుమార్ మళ్లీ నిచ్చెన వేశాడు. ఒక రోజంతా బెల్లం బుట్టల పక్కన నిలబడ్డ ఫ్లెక్సీకి చీమలు పట్టాయి. కోడలు శ్రీవాణి తడిగుడ్డతో తుడిచింది. ఈసారి తాళ్లు బిగుతుగా ఉన్నాయా లేదా అని రాజ్యలక్ష్మమ్మ రోడ్డు మీద నిలబడి చూసింది.

“మళ్లీ కట్టినావేం కృపమణి శెట్టీ?” అన్నాడు ఓబులేసు.

“కృపమణి అంటే ఎవరనుకుంటాండావు?” అన్నాడు కేశవులు. “ఈడికి రా, కూర్చో. చెప్తా.”

ఆ రోజు ఓబులేసుకు చెప్పాడు. తర్వాత అడిగినవాళ్లందరికీ చెప్పాడు. నాలుగు రోజులయ్యేసరికి అడగనివాళ్లను కూడా ఆపి చెప్పడం మొదలుపెట్టాడు. పేరు ఎడమ పక్క ఎందుకుండాలి, బొమ్మ తిప్పితే తక్కెడ ఏ చేతికి వస్తుంది, అగ్రిమెంటు అంటే ఏమిటి, అన్నీ శిల్ప చెప్పినదానికంటే వివరంగా చెప్పేవాడు. “నాది మొహం, ఆమెది పేరు. మొహం చూసేదానికి, పేరు చదివేదానికి. రెండూ ఒక తావనే ఉండల్లని యాడ రాసుండాది?” అనేవాడు. జనానికి ఆ కథ నచ్చింది. వేళాకోళం తగ్గింది. కందిబ్యాళ్లు కట్టించుకునేలోపు, “ఆ నాటకాలామె నిజంగా వస్తాదా శెట్టీ?” అని అడగసాగారు. ప్రొద్దుటూరు తమ్ముడి పెళ్లానికి రాజ్యలక్ష్మమ్మ తనే ఫోన్ చేసి, ఆడవేషం ఎవరూ కట్టలేదని, సినిమా చూడ్డానికి రమ్మని చెప్పింది.

రెండు వారాల తర్వాత శుక్రవారం సినిమా విడుదలైంది. పొద్దున ఆటకే బద్వేలు సినిమా హాలు ముందు తిరునాళ్లలా ఉంది. కృపమణి ఆకుపచ్చ చీర కట్టుకుని, ఏసన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సు దిగారు. హాలు దగ్గర వర్తకుల సంఘం తరఫున దండ వేయడానికి ఒక కుర్రాడు మైకు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అతను మైదుకూరు నుంచి కొత్తగా వచ్చినవాడు, పోస్టరు తప్ప ఎవరినీ ఎరగడు. “ఇప్పుడు మన కృపమణిగారిని సన్మానించుకుందాం!” అని గట్టిగా చెప్పి, దండ తెచ్చి నేరుగా కేశవులు మెడలో వేసేశాడు.

జనం ఘొల్లుమన్నారు. కేశవులు మాత్రం చలించలేదు. దండ తీసి రెండు చేతులా పట్టుకుని, “ఈ మొహం పోస్టరుది నాయనా. ఆ పేరు గల్ల మనిషి ఈమె” అని కృపమణి చేతికిచ్చాడు. మైకు కూడా ఇప్పించాడు. కృపమణి ఏం మాట్లాడాలో తెలియక, నాటకంలో పాడే పద్యం ఒకటి ఎత్తుకుంది. గొంతు ఆ సందు చివరి దాకా పోయింది. రోడ్డు మీద ఆటోలు ఆగిపోయాయి.

సినిమా బాగుంది. అందరికీ ఎక్కువ నచ్చింది చింతపండు ఆమె శెట్టిని తిట్టే ఘట్టం. కొడుకుతో మాట తేడా వచ్చి శెట్టి నెల రోజులు అంగడి మూసి లోపల కూర్చుంటే, ఎవరు బతిమాలినా తలుపు తీయడు. అప్పుడు చింతపండు ఆమె వచ్చి మూసిన తలుపుతోనే మాట్లాడుతుంది. ఐదు నిమిషాలు తెర మీద ఆమె, తలుపు తప్ప ఇంకేమీ లేవు. హాల్లో ఆడవాళ్లు ఈలలు వేశారు. కేశవులు పక్కనే కూర్చున్న రాజ్యలక్ష్మమ్మ ముందు కుర్చీ అంచు పట్టుకుని, ఒక్కొక్క మాటకూ తల ఊపింది.

ఆట వదిలాక అందరూ కేశవులు ఇంటికే వచ్చారు. రాజ్యలక్ష్మమ్మ, శ్రీవాణి పొద్దున్నే లేచి వంటంతా చేసి పెట్టి వచ్చారు. పూర్ణం పెట్టిన ఓళిగలు, చిత్రాన్నం, గుత్తివంకాయ కూర, పెరుగన్నం. నడింట్లో వరసగా ఆకులు వేసి కృపమణిని తన పక్కనే కూర్చోబెట్టుకుంది రాజ్యలక్ష్మమ్మ. ఎదురు వరసలో ఏసన్న కేశవులు పక్కన కూర్చున్నాడు. కర్నూలు నుంచి వచ్చిన భూపేష్, శిల్ప కూడా ఆ వరసలోనే ఉన్నారు.

రెండో ఓళిగ మీద నెయ్యి పోస్తున్నప్పుడు రాజ్యలక్ష్మమ్మ ఉన్నట్టుండి అంది: “కృపమణీ, నన్నొక మాట అడగనీ. ఆ తలుపు ముందర తిట్టినావే, అదంతా భూపేష్ రాసిచ్చిందేనా?”

“సగం రాసిచ్చినాడు వదినా. సగం నాకు తోచింది.”

“నాకు తోచిందే అదంతా. ముప్పై ఎనిమిదేండ్లుగా అనల్లని అనుకుంటాండా. ఒక్క మాట నోటికి రాలేదు. ఇంకోసారి అనవా?”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. ఇదిగో, శెట్టి ఎదురుగానే ఉండాడు. ఈసారి తలుపు కూడా అడ్డం లేదు.”

“తినేటప్పుడేందే!” అన్నాడు కేశవులు, ముద్ద చేతిలో పట్టుకుని.

కృపమణి ఎడమచేత్తో కొంగు నడుముకు దోపుకుంది. ఏసన్న తన విస్తరి కాస్త పక్కకు జరుపుకున్నాడు, నాటకాల్లో ఆమె లేచినప్పుడు చోటు ఇవ్వాలని అతనికి తెలుసు. ఆమె లేచి నిలబడింది. నడింట్లో గొంతు ఖంగుమంది.

“ఏమయ్యా శెట్టీ! అలుగుడు నీకొక్కనికే చాతనయిందా? ఈ ఊర్లో మాకు కోపాలు ల్యావా? నువ్వు తలుపేసుకుంటే పొద్దు పొడవదనుకున్నావా? బియ్యంలో రాళ్లు ఏరుకుంటా, నీ అలకలు ఏరుకుంటా, ఆ ఇంటామె ఎన్నేండ్లు కూర్చోవల్ల?”

“ఇంకా!” అంది రాజ్యలక్ష్మమ్మ చప్పట్లు కొడుతూ, చేతులకున్న నెయ్యి చీర మీద పడుతున్నా చూసుకోకుండా.

కృపమణి ఇంకా అంది. సినిమాలో లేనివి కూడా అంది. శిల్ప నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. కేశవులు చేతిలో ముద్ద అట్లాగే పట్టుకుని అన్నీ విన్నాడు. అయిపోయాక ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి మింగి, భార్య వైపు తిరిగాడు.

“ఆమెకు ఇంకో ఓళిగ వేయి. గొంతు ఆరిపోయింటాది.”